న్యాయస్థానమున సత్యవ్రతము

న్యాయవాద వృత్తి అసత్యముతో కూడక సాగదను మాట మన దేశమున చిరకాలముగా వినవచ్చుచున్నది. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ విద్యార్థిగా నున్నప్పుడే ఈ మాట ఆయన చెవిని బడెను. తరువాత ఆయన ఆ వృత్తినే అవలంబించి, ఇరువది సంవత్సరముల కాలము సాగించి, ఆ అభిప్రాయము తప్పని తన నడవడిచే నిరూపించెను. జాతినాయకునిగా ఆయన నెరిగినవారు అనేకులు. సాక్షి యెదుట నిలిచిన న్యాయవాదిగా ఆయన నెరిగినవారు కొలదిమందియే. ఆ కథ సాధకులకును ఉపయోగపడునది.

1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించిన గాంధీ 1888లో లండను నగరమునకు వెళ్ళి, ఇన్నర్ టెంపుల్ అను న్యాయవిద్యా సంస్థలో చేరి, 1891 జూన్ 10న బారిష్టరు అయ్యెను. రెండు దినములకే స్వదేశమునకు ఓడ యెక్కెను. చట్టములు చదివెనే కాని న్యాయస్థానమున నోరు మెదపుట యెట్లో ఆయనకు తెలియదు. బొంబాయి స్మాల్ కాజు కోర్టులో మమీబాయి వ్యాజ్యము ఆయనకు మొట్టమొదట లభించెను. ఫీజు 30 రూపాయలు. కక్షిదారును తెచ్చిన దళారికి కమీషను ఇచ్చుట ఆచారమని చెప్పినను ఆయన ఇయ్యలేదు. ప్రతివాది పక్షమున వాది సాక్షులకు అడ్డుప్రశ్నలు వేయవలసి యుండెను. లేచి నిలుచుండగనే గుండె జారెను, తల తిరిగెను, ఒక్క ప్రశ్నయైనను తోచలేదు. ఆయన కూర్చుండి, తనవలన కాదనియు, వేరొక వకీలును పెట్టుకొని ఫీజు తిరిగి తీసికొనవలసినదనియు చెప్పి వెడలిపోయెను. పిమ్మట రాజకోటలో అర్జీలు వ్రాయుచు కాలము గడపెను. అచ్చట కమీషను విషయమున తన నియమమును సడలించుకొనవలసి వచ్చెనని ఆయనయే ఆత్మకథలో దాచక చెప్పుకొనెను.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీ వారి వ్యాజ్యములో సహాయము చేయుటకై ఆయన దక్షిణాఫ్రికా చేరెను. ప్రిటోరియాలో నడుచుచున్న ఆ దావా విలువ 40,000 పౌనులు. ప్రతివాది తయ్యబ్ సేఠు దాదా అబ్దుల్లాకు బంధువే. గాంధీ లెక్కల పుస్తకముల నన్నింటిని పరిశీలించి, వాస్తవములను చక్కగా తెలిసికొనినచో చట్టము తనంత తానే తోడు వచ్చునని గ్రహించెను. తన కక్షిదారు పక్షము బలమైనదే. అయినను వ్యాజ్యము సాగినచో ఇరువురును నశింతురని కనుగొని, వారిని మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. తీర్పు దాదా అబ్దుల్లాకు అనుకూలముగా వచ్చెను. 37,000 పౌనులును ఖర్చులును ఒక్కసారిగా చెల్లింపవలసి వచ్చినచో తయ్యబ్ సేఠు దివాలా తీయవలసినదే. కావున వాయిదాలమీద పుచ్చుకొనుటకు దాదా అబ్దుల్లాను ఎంతో శ్రమపడి ఒప్పించెను. విరిగిన మనస్సులను కలుపుటయే న్యాయవాది ధర్మమని ఆయన ఇచ్చట నేర్చుకొనెను.

1894లో నేటాలు సుప్రీముకోర్టున న్యాయవాదిగా చేర్చుకొనవలసినదని కోరగా అచ్చటి న్యాయవాదుల సంఘము అభ్యంతరము చెప్పెను. కోర్టు దానిని త్రోసివేసెను. అది మొదలు డర్బనులోను, పిమ్మట జోహాన్నెస్‌బర్గులోను ఆయన వృత్తి వృద్ధి చెందెను. వృత్తితోపాటు పరీక్షయు వచ్చెను.

ఆ పరీక్ష యెట్టిది? ఎదుటి పక్షమువారు తమ సాక్షులకు నేర్పి తెచ్చిరని ఆయనకు పలుమారు తెలియుచుండెను. తానును తన సాక్షులకు రెండు మాటలు నేర్పినచో గెలుపు చేతికందును. పెక్కురు ఇచ్చటనే జారిపడుదురు. వారు అబద్ధమాడితిరి, మనమును ఆడినచో లెక్క సరిపోవునని బుద్ధి సమాధానము చెప్పును. గాంధీ ఆ సమాధానమును అంగీకరింపలేదు. సాక్షి చెప్పదలచినదానిని ముందుగా వినుట, పత్రములతో సరిచూచుట, మరచినదానిని జ్ఞాపకము చేయుట న్యాయవాది విధి. సాక్షి చూడనిదానిని చూచినట్లు పలికించుట అతనిచే పాపము చేయించుట. ప్రమాణము చేసినవాడు సాక్షి, అది భంగమైనచో చెడునది అతని అంతరాత్మ. అందుచే అసత్యమైన వ్యాజ్యమును తాను చేపట్టననియు, సాక్షులకు నేర్పననియు ప్రతి కొత్త కక్షిదారునకును ఆయన మొదటనే తెలియజేయుచుండెను. క్రమముగా చిక్కులేని వ్యాజ్యములను ఆయనకును, అనుమానపు వ్యాజ్యములను ఇతరులకును అప్పగించు కక్షిదారులును ఉండిరి!

ఒకసారి జోహాన్నెస్‌బర్గులో మేజిస్ట్రేటు ఎదుట వ్యాజ్యము నడుచుచుండగా ఆయన కక్షిదారు సాక్షిబోనులో తడబడి, తుదకు పూర్తిగా కూలిపోయెను. తాను మోసపోతినని గాంధీ గ్రహించెను. ఆయన ఏ వాదమును చేయక, వ్యాజ్యమును కొట్టివేయవలసినదని తానే మేజిస్ట్రేటును కోరెను. ఎదుటి వకీలు నివ్వెరపోయెను, మేజిస్ట్రేటు సంతోషించెను. మందలింపబడిన కక్షిదారు తన తప్పు ఒప్పుకొనెను. దీనివలన గాంధీ వృత్తికి కించిత్తైనను హాని కలుగలేదు, పైగా ఆయన పని సులభమయ్యెను.

ఆప్తమిత్రుడైన పార్సీ రుస్తుంజీ సుంకము ఎగవేసి సరకులు తెప్పించి పట్టుబడి, కన్నీరు కార్చుచు ఆయనయొద్దకు వచ్చెను. గాంధీ స్నేహమును చూచి సత్యమును విడువలేదు, సత్యమును చూచి స్నేహితుని విడువలేదు. అంతయు ఒప్పుకొనవలసినదనియు, అవసరమైనచో చెరకు పోవుటకు సిద్ధపడవలసినదనియు, సిగ్గు నేరమునందే కాని చెరయందు లేదనియు చెప్పి, తానే అధికారులను కలిసికొనెను. ఎగవేసితినని ఒప్పుకొనిన మొత్తమునకు రెట్టింపు చెల్లించుటతో విషయము ముగిసెను. రుస్తుంజీ ఆ వృత్తాంతమునంతను వ్రాయించి, చట్టము కట్టించి, తన వారసులకును తోడి వర్తకులకును హెచ్చరికగా కార్యాలయమున వ్రేలాడదీసెను.

ఈ నియమమునకు పెద్ద పరీక్ష 1917లో బీహారు చంపారన్ జిల్లాలో వచ్చెను. ఇరువది కఠ్ఠాలకు మూడు కఠ్ఠాలలో నీలిమందు పండింపవలెనను తీన్‌కఠియా పద్ధతిచే రైతులు నలిగిపోవుచుండిరి. వారి వాఙ్మూలములను వ్రాసికొనుటకు బ్రజకిశోర ప్రసాదు, రాజేంద్ర ప్రసాదు మొదలగు వకీళ్ళు కూర్చుండిరి. బాధితులపై జాలిచే ఏది చెప్పినను వ్రాయుట సులభము. గాంధీ అట్లు చేయనీయలేదు. ప్రతి రైతును అడ్డుప్రశ్నలతో పరీక్షింపవలెననియు, నిలువని వాఙ్మూలమును త్రోసివేయవలెననియు నియమించెను. రహస్య పోలీసువారు దగ్గర కూర్చుండగా వారిని మర్యాదగా చూచెను. వారి యెదుట మాటలాడుటచే రైతులకు భయము తీరెను, అతిశయోక్తియు తగ్గెను. నాడు బొంబాయిలో ఒక్క ప్రశ్నయు తోచనివాడు ఇప్పుడు తన వారినే ప్రశ్నలతో శోధించుచుండెను. ప్రభుత్వము నియమించిన విచారణ సంఘములో ఆయనయు సభ్యుడయ్యెను, 1918లో చట్టముచే తీన్‌కఠియా రద్దయ్యెను.

1922 మార్చి 18న అహమ్మదాబాదులో రాజద్రోహ నేరముపై తానే ముద్దాయిగా నిలిచినప్పుడు ఆయన నేరమును ఒప్పుకొనెను. సాక్షుల అవసరమే లేకపోయెను. ఆరు సంవత్సరముల శిక్ష పడెను. ఆ సంవత్సరమే ఇన్నర్ టెంపుల్ వారు ఆయన పేరును తమ పట్టికనుండి తొలగించిరి. 1948 జనవరి 30న ఆయన దేహము విడిచిన నలువది యేండ్లకు, 1988లో, వారే దానిని తిరిగి చేర్చుకొనిరి.

వకీళ్ళైన పాఠకులకు ఈ చరిత్ర తమ వృత్తిలోనే సాధనమార్గ మున్నదని చూపును. తక్కినవారమును ఏనాడో ఒకనాడు ఇతరుని విషయమున సాక్ష్యము చెప్పవలసినవారమే. మనకు మేలు చేయు మాటకును, మనము చూచిన మాటకును భేదము వచ్చినప్పుడు చూచినదానినే పలుకుటకు నేటినుండియే అలవాటు పడుదము గాక!