బడి ఆగినా చదువు ఆపని దుర్గాబాయి

మన తెలుగునాట చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల గురించి మాట్లాడవలసి వస్తే ముందుగా గుర్తుకు రావలసిన పేరు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా ఆమె అందరికీ తెలుసు. ఆమె హైస్కూలు చదువు బడిలో సాగలేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనం ఆమె జీవితంలో ముఖ్యంగా తెలుసుకోవలసింది ఆ భాగమే.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. అప్పటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ కాపురానికి వెళ్ళడానికి ఒప్పుకోలేదు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఊరు ఏమనుకుంటుందోనని ఇంట్లోవాళ్ళు వెనక్కి తగ్గి ఉంటే తర్వాత కథంతా ఉండేదే కాదు.

బడిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని రుద్దడం నచ్చక చిన్న వయసులోనే ఆమె బడి మానేశారు. అయితే పుస్తకం మూయలేదు. హిందీ నేర్చుకున్నారు. తాను నేర్చుకున్నది వెంటనే పదిమందికీ చెప్పాలని రాజమండ్రిలో బాలికా హిందీ పాఠశాల పెట్టారు. బడి మానిన పిల్లే బడి పెట్టిందన్నమాట! 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో ఆమె వాలంటీరు. ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేశారు. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు తెచ్చి ఇచ్చాకే లోపలికి పంపారు. ఆ చిన్నపిల్ల విధినిర్వహణను నెహ్రూ మెచ్చుకున్నారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో దుర్గాబాయి ముందు వరుసలో నిలిచారు. 1930 - 33 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. జైలులో ఆమె తోటి ఆడఖైదీలను దగ్గరగా చూశారు. తమ మీద పెట్టిన కేసు ఏమిటో, కోర్టులో ఏం చెప్పుకోవాలో తెలియక శిక్షలు పడినవారు వాళ్ళలో ఉన్నారు. చట్టం తెలిసిన మనిషి ఒక్కరు పక్కన ఉంటే వీళ్ళ బతుకు ఇలా అయ్యేది కాదు కదా అన్న ఆలోచన ఆమెను వదల్లేదు. లా చదవాలని అక్కడే నిశ్చయించుకున్నారు.

కాని లా చదవాలంటే డిగ్రీ కావాలి. డిగ్రీకి ఇంటర్మీడియట్, దానికి మెట్రిక్ కావాలి. ఆమె దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. వయసు చూస్తే ఇరవై దాటింది. చిన్నపిల్లల మధ్య బెంచీ మీద కూర్చునే వయసు కాదు. అప్పుడు ఆమెకు దారి చూపింది బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం. అక్కడ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టే వీలుంది. ఇంటి దగ్గరే చదువుకుని ఆమె మెట్రిక్ పాసయ్యారు. ఇంటర్మీడియట్ కూడా బెనారస్ నుంచే పూర్తి చేశారు.

తర్వాత బి.ఏ. కోసం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. అమ్మాయిలకు హాస్టలు లేదు కనుక చేర్చుకోవడం కష్టమని తేలింది. చదువు ఉంది, ఉండటానికి చోటు లేదు! మిత్రులారా, ఈ ఇబ్బంది ఎలాంటిదో మనకు వేరొకరు చెప్పనక్కర లేదు. మనలో ఎంతమందిమి ఈ హాస్టలే లేకపోతే ఐదో తరగతితోనో ఏడుతోనో ఆగిపోయేవాళ్ళం!

దుర్గాబాయి తిరిగి ఇంటికి వెళ్ళిపోలేదు. చదువుకోవాలని ఉండి, వసతి లేక ఆగిపోయిన అమ్మాయిలు తనకు రాయండని పత్రికలో ప్రకటన ఇచ్చారు. జవాబులు వచ్చాయి. అలా వచ్చిన కొద్దిమందితోనే ఒక హాస్టలు నడిపారు. ఇక కాదనడానికి కారణం మిగల్లేదు. ఆమెతోపాటు ఆ అమ్మాయిలకూ యూనివర్సిటీ తలుపు తెరుచుకుంది. ఆమె రాజనీతి శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, 1942లో మద్రాసులో లా పూర్తి చేసి న్యాయవాది అయ్యారు.

తాను దాటిన దారిని ఆమె ఇతరులకు కూడా వేశారు. 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తొలి పనుల్లో ఒకటి, బడి మానిన ఆడవాళ్ళను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం. బాల్యవివాహాలతో చదువు పోగొట్టుకున్నవాళ్ళు, భర్త పోయినవాళ్ళు అక్కడ మళ్ళీ పలక పట్టారు. ఆ సభ తర్వాత హైదరాబాదులో కళాశాలలు, ఆసుపత్రి స్థాపించేంతగా పెరిగింది.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. 1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953లో సి.డి.దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. ఆ ఏడాదే ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమే మొదటి అధ్యక్షురాలు. 1958లో ఆ బోర్డు వయోజన మహిళలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి బడిలో కూర్చోలేని స్త్రీలను రెండేళ్ళలో మెట్రిక్ స్థాయికి తయారుచేసి, నర్సులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా నిలబెట్టాలన్నది ఉద్దేశం. బోర్డు 2022లో మూతపడింది గాని, ఆ కోర్సుల వల్ల జీతం అందుకున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. 1975లో ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

ఆమెకు అండగా నిలిచిన తండ్రి ఉన్నారు, తమ్ముడు ఉన్నారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. అందుకే దారి అనేది ఒక మనిషి పట్టుదల మీదే ఆధారపడకూడదు, అందరికీ తెరిచి ఉండాలి. ఆమె కాలంలో ప్రైవేటు మెట్రిక్ కోసం కాశీ వైపు చూడవలసి వచ్చింది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూలు సొసైటీలు ఉన్నాయి. దేశమంతటికీ 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది. దానిలో 14 ఏళ్ళు నిండినవారు పదో తరగతికి కట్టవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసవ్వాలని లేదు, విడతలుగా రాసుకోవచ్చు. ఇంతకుముందు వేరే బోర్డులో పాసైన సబ్జెక్టులలో రెండింటి వరకు మార్కులు అక్కడికి బదిలీ చేయించుకోవచ్చు. డిగ్రీకి 1982లో మొదలైన, నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది.

మనతో ఒకే పళ్ళెంలో తిని, ఒకే ట్రంకు పెట్టె మీద కూర్చుని చదివి, తర్వాత పత్తి చేలకో, మేస్త్రీ పనికో, తొందరపడి చేసిన పెళ్ళికో వెళ్ళిపోయినవాళ్ళు మనందరికీ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి పదో తరగతి తప్పడంతోనే తలుపు మూసుకుపోయిందన్న నమ్మకం. ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు వాళ్ళ ఇంటికి వెళ్ళండి. ఓపెన్ స్కూలుకు ఎప్పుడు, ఎక్కడ దరఖాస్తు పెట్టాలో కనుక్కుని చెప్పండి. ఫారం నింపడం రాకపోతే మీరే నింపిపెట్టండి. పాత పుస్తకాలు ఇవ్వండి. పూర్వ విద్యార్థులు తలొక చెయ్యి వేస్తే ఒకరి పరీక్ష ఫీజు పెద్ద బరువు కాదు. దుర్గాబాయి గారి పేరు తలుచుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఉండదు.