మొక్కల వైద్యుడు కార్వర్



పుట్టిన తేదీ తెలియని, తల్లి ముఖం గుర్తులేని ఒక బానిస పిల్లవాడు ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్త అయ్యాడు. ఆయనే జార్జ్ వాషింగ్టన్ కార్వర్. వేరుశనగ శాస్త్రవేత్తగా ఆయన చాలామందికి తెలుసు. కానీ ఇంటి చుట్టూ, బడి చుట్టూ ఉన్న జానెడు నేలను తోటగా మార్చుకోవడం పేదలకు నేర్పిన ఉపాధ్యాయుడిగా ఆయన హాస్టల్ విద్యార్థులమైన మనకు మరింత దగ్గరివాడు.

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, డైమండ్ అనే పల్లెలో సుమారు 1864లో కార్వర్ జన్మించాడు. తల్లి మేరీ, మోజెస్ కార్వర్ అనే తెల్ల రైతు ఇంట్లో బానిస. పసివాడుగా ఉన్నప్పుడే దుండగులు తల్లీబిడ్డలను ఎత్తుకుపోయారు. బిడ్డ ఒక్కడే తిరిగి దొరికాడు. తల్లి జాడ మళ్ళీ తెలియలేదు. బానిసత్వం రద్దయ్యాక మోజెస్ దంపతులే ఆ పిల్లవాణ్ణి పెంచారు. ఆరోగ్యం అంతంత మాత్రం కావడంతో పొలం పనికి బదులు ఇంటి పని, పెరటి పని అప్పగించారు. అదే ఆయనకు వరమైంది. అడవిలోంచి మొక్కలు తెచ్చి రహస్యంగా చిన్న తోట పెంచేవాడు. వాడిపోయిన మొక్కలను బతికించేవాడు. ఇరుగుపొరుగు వారు ఆయనను మొక్కల వైద్యుడని పిలిచేవారు.

ఆ ఊరి బడిలో నల్లపిల్లలకు చోటు లేదు. అందుకని దాదాపు 13 కిలోమీటర్ల దూరంలోని నియోషో పట్టణానికి ఒంటరిగా వెళ్ళాడు. అక్కడ మరియా వాట్కిన్స్ అనే నల్లజాతి మంత్రసాని ఆయనను తన ఇంట ఉంచుకుంది. ఆ తర్వాత కాన్సాస్ రాష్ట్రంలో ఊరూరా తిరుగుతూ, బట్టలు ఉతికి, వంటచేసి చదువుకున్నాడు. 1879లో ఫోర్ట్ స్కాట్ పట్టణంలో ఒక నల్లజాతి మనిషిని గుంపు చంపడం కళ్ళారా చూసి ఆ ఊరు వదిలేశాడు. 1885లో హైలాండ్ కాలేజీ ఉత్తరం ద్వారా సీటు ఇచ్చింది. తీరా వెళ్ళాక ఆయన నల్లవాడని తెలిసి చేర్చుకోలేదు.

ఇంత అవమానం జరిగాక ఎవరైనా చదువు మానేస్తారు. కార్వర్ మానలేదు. కొన్నేళ్ళు సేద్యం చేసి, 1890లో అయోవాలోని సింప్సన్ కాలేజీలో చిత్రకళ చదవడానికి చేరాడు. ఆయన గీసే పూలు, మొక్కలు చూసి చిత్రకళ ఉపాధ్యాయురాలు ఎట్టా బడ్ వృక్షశాస్త్రం చదవమని ప్రోత్సహించారు. 1891లో అయోవా వ్యవసాయ కళాశాలలో మొదటి నల్లజాతి విద్యార్థిగా అడుగుపెట్టాడు. మొదట్లో అందరితో కలిసి భోజనం చేయనివ్వలేదు. అయినా 1894లో డిగ్రీ, 1896లో ఎం.ఎస్. పూర్తిచేశాడు. అక్కడి మొక్కల గాజు గృహం బాధ్యత కూడా ఆయనకే ఇచ్చారు. ఒక అధ్యాపకుని చిన్న కొడుకును వెంటబెట్టుకుని మొక్కలు చూపిస్తూ తిరిగేవాడు. ఆ పిల్లవాడు హెన్రీ వాలెస్, తర్వాత 1941లో అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు.

1896లో బుకర్ టి. వాషింగ్టన్ ఆహ్వానించడంతో కార్వర్ అలబామా రాష్ట్రంలోని టస్కీగీ విద్యాసంస్థలో చేరాడు. ఆ సంస్థ భవనాలకు ఇటుకలు చేసింది, గోడలు కట్టింది చాలావరకు విద్యార్థులే. వ్యవసాయ ప్రయోగ కేంద్రానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది ఏడాదికి 1500 డాలర్లు మాత్రమే. ప్రయోగశాల లేదు. ఆయన విద్యార్థులను తీసుకుని చెత్తకుప్పలు వెతికాడు. పాత సీసాలు, డబ్బాలు, తీగలు ఏరి తెచ్చి వాటితోనే పరికరాలు తయారుచేశాడు.

ఏళ్ళ తరబడి పత్తి ఒక్కటే వేయడంతో అక్కడి నేల సారం పోయింది. ఎరువు కొనే స్తోమత ఆ రైతులకు లేదు. రాలిన ఆకులు, మడుగు బురద, వంటింటి చెత్త కుళ్ళబెట్టి ఎరువు చేయడం కార్వర్ నేర్పాడు. పత్తి తర్వాత అలసందలు, వేరుశనగ వేయమన్నాడు. ఈ మొక్కల వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందిస్తాయి.

ఆయన పనిలో ముఖ్యమైనది పెరటి తోట. పాలుకౌలు రైతులు గుమ్మం దాకా పత్తి వేసి, తిండిగింజలు దుకాణంలో అప్పుకు తెచ్చుకునేవారు. పంట వచ్చేసరికి చేతికి మిగిలేది అప్పే. మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లపు పాకం తప్ప వేరే తిండి లేక రోగాల పాలయ్యేవారు. ఇంటి పక్కన కూరగాయలు పండితే అంతమేరకు అప్పు తగ్గుతుంది, ఒంటికి బలం వస్తుంది. అందుకే కార్వర్‌కు పెరటి తోట అంటే సరదా కాదు, స్వేచ్ఛకు మొదటి మెట్టు. అలాగని అందాన్ని కూడా ఆయన తక్కువ చేయలేదు. వాకిట్లో పూలమొక్కలు పెట్టమన్నాడు. దొరికే రంగు మట్టితోనే గోడలకు వెల్ల వేసుకోవచ్చని 1911లో ఒక చిన్న పుస్తకం రాశాడు. పల్లె బడులలో తోట పెంపకం గురించి 1910లోనే ఒకటి రాశాడు. ఇలాంటివి నలభైకి పైగా తేలిక మాటల్లో అచ్చువేయించాడు. చదువురాని వారి కోసం 1906లో పనిముట్లు, విత్తనాలు నింపిన జెసప్ బండి పల్లెపల్లెకూ కదిలింది.

వేరుశనగ వెన్న కనిపెట్టింది ఆయనే అని కొందరు రాస్తారు, అది నిజం కాదు. ఆయన చెప్పిన వందలాది ఉపయోగాలలో చాలా వరకు బజారుకు రాలేదు కూడా. అంతమాత్రాన ఆయన గొప్పతనం తగ్గదు. ఆయన అసలు సంపాదన, పేదవాని పెరట్లో మొలిచిన కూరగాయ మొక్క.

కార్వర్ పెళ్ళి చేసుకోలేదు. చాలా ఏళ్ళు రాక్‌ఫెల్లర్ హాల్ అనే విద్యార్థుల హాస్టల్‌లోనే ఒక గదిలో ఉన్నాడు. కోటుకు రోజూ ఒక పువ్వు పెట్టుకునేవాడు. దాచుకున్న డబ్బును పరిశోధనలకే ఇచ్చేశాడు. 1943 జనవరి 5న కన్నుమూశాడు. అదే ఏడాది ఆయన పుట్టిన చోటును అమెరికా జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఒక నల్లజాతి వ్యక్తికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

మిత్రులారా! హాస్టల్ అంటే నాలుగు గోడలు, ట్రంకు పెట్టెలు మాత్రమే కాదు. స్నానాల గదుల నుంచి పారే నీళ్ళు అరటి చెట్టుకు మళ్ళించవచ్చు. మెస్‌లో పారేసే తొక్కలు గుంతలో వేస్తే ఎరువవుతుంది. గోడ పక్కన కరివేపాకు, మునగ, బచ్చలి పెరుగుతాయి. మనం పదో తరగతి అయ్యాక వెళ్ళిపోతాం. మనం నాటిన చెట్టు నీడలో మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూర్చుని చదువుకుంటారు. పూర్వ విద్యార్థులు ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తలా ఒక మొక్క తెచ్చి నాటితే, కార్వర్‌కు మనం ఇచ్చే నివాళి అదే.