టికెట్ కొన్నవాళ్లకు లెక్క చెప్పిన మేనేజర్

1949 మార్చి. ఇంగ్లండ్ ఉత్తర కొసన, స్కాట్లండ్ సరిహద్దు పక్కనే ఉన్న కార్లైల్ పట్టణం. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్ కార్లైల్ యునైటెడ్ లీగ్‌లో అట్టడుగు అంచె అయిన థర్డ్ డివిజన్ నార్త్‌లో ఆడుతోంది. మైదానం పాతబడిపోయింది. చేతిలో డబ్బు లేదు. పెద్ద నగరాలకు దూరం కావడంతో పేరున్న ఆటగాళ్లు అటువైపు చూడరు. అలాంటి చోటికి 35 ఏళ్ల వ్యక్తి మేనేజర్‌గా వచ్చారు.

సొంత మైదానంలో మ్యాచ్ ఉన్న రోజు, ఆట మొదలయ్యే ముందు ఆయన మైకు అందుకునేవారు. గత మ్యాచ్‌లో ఏం జరిగింది, ఈసారి జట్టులో ఎవరిని మార్చారు, ఎందుకు మార్చారు అన్నీ ప్రేక్షకులకు నేరుగా వివరించేవారు. ప్రకటన పలకతోనో పత్రికా ప్రకటనతోనో సరిపెట్టే రోజుల్లో ఇది వింతే. ఆయన పేరు బిల్ షాంక్లీ. తర్వాతి కాలంలో లివర్‌పూల్‌ను పెద్ద క్లబ్‌గా నిలబెట్టిన మేనేజర్‌గా ప్రపంచానికి తెలుసు. కానీ అంతకు ముందు పదేళ్లపాటు ఆయన చేసింది చిన్న క్లబ్‌లతో కుస్తీ. కింది అంచె క్లబ్‌కు జనాన్నీ ఆదాయాన్నీ తెచ్చేదెలా అని ఇవాళ మన దేశంలో తల పట్టుకుంటున్నవాళ్లకు ఆ పదేళ్లే ఎక్కువ పనికొస్తాయి.

షాంక్లీ 1913 సెప్టెంబర్ 2న స్కాట్లండ్‌లోని గ్లెన్‌బక్ అనే బొగ్గుగనుల పల్లెలో పుట్టారు. పదిమంది సంతానంలో ఒకరు. ఐదుగురు అన్నదమ్ములూ వృత్తి ఫుట్‌బాలర్లే అయ్యారు. బడి మానేశాక గనిలో పనిచేశారు. గని మూతపడటంతో ఉద్యోగం పోయింది. 1932లో ఆటగాడిగా కార్లైల్ చేరి, మరుసటి ఏడాది 500 పౌండ్లకు ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కు వెళ్లారు. 1938లో ఆ జట్టుతో ఎఫ్ఏ కప్ గెలిచారు. సరిగ్గా ఆటగాడిగా పండే వయసులో రెండో ప్రపంచయుద్ధం వచ్చి పడింది.

అప్పట్లో క్లబ్‌లకు టీవీ హక్కుల సొమ్ము లేదు. గేటు దగ్గర టికెట్ల మీద వచ్చిందే ప్రధాన ఆదాయం. గని పల్లెలో పెరిగిన షాంక్లీకి శనివారం మ్యాచ్‌కు వచ్చే కార్మికుడు ఎవరో, వారమంతా చెమటోడ్చి సంపాదించిన దాంట్లోంచి ఎంత తీసి ఇస్తున్నాడో తెలుసు. డబ్బు పెట్టినవాడికి లెక్క చెప్పాలన్నది ఆయన పద్ధతి. కార్లైల్‌లో అది ఫలించింది. 1951 జనవరిలో ఎఫ్ఏ కప్‌లో ఆ చిన్న జట్టు లండన్ వెళ్లి ఆర్సెనల్‌ను 0-0తో నిలువరించింది. తిరిగి ఆడిన మ్యాచ్‌లో 1-4తో ఓడినా ఊరంతా క్లబ్ వైపు తిరిగింది. ఆ సీజన్‌లో జట్టు మూడో స్థానంలో నిలిచింది.

అక్కడే మొదటి దెబ్బ తగిలింది. మొదటి మూడు స్థానాల్లో నిలిస్తే ఆటగాళ్లకు బోనస్ ఇస్తామన్న బోర్డు మాట తప్పింది. షాంక్లీ రాజీనామా చేశారు.

తర్వాత చేపల రేవు పట్టణం గ్రిమ్స్‌బీ. మొదటి సీజన్ 1951-52లోనే జట్టు రెండో స్థానానికి చేరింది. కానీ నిబంధన ప్రకారం పై అంచెకు వెళ్లేది విజేత ఒక్కటే. జట్టులో వయసు మీరినవాళ్లు ఎక్కువ. కొత్తవాళ్లను కొనడానికి బోర్డు దగ్గర డబ్బు లేదు. 1954 జనవరిలో అక్కడి నుంచీ బయటపడ్డారు.

ఆ తర్వాత చేరిన వర్కింగ్టన్ ఇంకా పేద క్లబ్. ఆఫీసులో గ్యాస్ దీపాలు. రగ్బీ జట్టు కూడా అదే మైదానంలో ఆడి పచ్చికను చిందరవందర చేసేది. ఫోన్ ఎత్తడం, ఉత్తరాలకు జవాబు రాయడం, బ్యాంకుకు వెళ్లి జీతాల సొమ్ము తేవడం అన్నీ మేనేజరే. అయినా మొదటి పూర్తి సీజన్‌లో జట్టు 8వ స్థానానికి ఎదిగింది, ప్రేక్షకులూ పెరిగారు. తర్వాత సెకండ్ డివిజన్‌లోని హడర్స్‌ఫీల్డ్. అక్కడ 16 ఏళ్ల డెనిస్ లాను మైదానంలోకి దించారు. కానీ తాను అడిగిన ఇద్దరు స్కాట్లండ్ ఆటగాళ్లు ఇయాన్ సెయింట్ జాన్, రాన్ యేట్స్‌లను కొనడానికి బోర్డు ఒప్పుకోలేదు.

1959 డిసెంబర్‌లో లివర్‌పూల్ చేరారు. అప్పుడది 1954 నుంచి సెకండ్ డివిజన్‌లోనే పడి ఉన్న క్లబ్. జనానికి కొదవ లేదు. లోటల్లా ఖర్చు పెట్టే మనసుకే. పచ్చికకు నీళ్లు పెట్టే ఏర్పాటు కూడా లేదు. కథ అక్కడా పాతదే అవుతుందేమో అనిపించింది. కానీ ఎరిక్ సాయర్ అనే కొత్త డైరెక్టర్ ఆయన పక్షాన నిలిచారు. 1961లో సెయింట్ జాన్, యేట్స్ ఇద్దరూ లివర్‌పూల్ వచ్చారు. 1962లో జట్టు సెకండ్ డివిజన్ గెలిచి పైకి వెళ్లింది. 1964లో దేశ విజేత అయింది. 1965లో తొలిసారి ఎఫ్ఏ కప్ గెలిచింది. అంత పేరొచ్చాక కూడా షాంక్లీ అభిమానుల ఉత్తరాలకు పాత టైప్‌రైటర్ మీద స్వయంగా జవాబులు కొట్టేవారు. 1974లో పదవి వదిలారు. 1981 సెప్టెంబర్ 29న కన్నుమూశారు.

ఐదు క్లబ్‌లలోనూ మనిషి అదే, పద్ధతి అదే. నాలుగు చోట్ల ఆగిపోయింది, ఒకచోట నిలబడింది. కార్లైల్‌లో, వర్కింగ్టన్‌లో జనాన్ని దగ్గర చేసుకునే పని ఆయన చేసి చూపించారు. వచ్చిన ఆదరణను జట్టు మీద తిరిగి పెట్టుబడిగా పెట్టే పని యజమానులది. అది జరిగిన చోటే క్లబ్ ఎదిగింది.

మన దగ్గర కింది అంచె క్లబ్‌ల గురించి చర్చ వస్తే సోషల్ మీడియా ప్రచారం, ఉచిత టికెట్లు, సినిమా తారల రాక అంటూ మొదటి సగం దగ్గరే ఆగిపోతాం. 2016-17లో మిజోరం క్లబ్ ఐజాల్ ఐ-లీగ్ గెలిచింది. ఊరు మొత్తం జట్టు వెనక నిలబడింది. కానీ ఐఎస్ఎల్‌లోకి ఎదిగే దారి అప్పట్లో లేదు. మరుసటి సీజన్‌కే కోచ్ ఖాలిద్ జమీల్, కొందరు ముఖ్య ఆటగాళ్లు వేరే క్లబ్‌లకు వెళ్లిపోయారు. ఆ దారి తెరుచుకున్నాక హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లో ఆడే శ్రీనిధి డెక్కన్ 2022-23లో, 2023-24లో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. రెండుసార్లూ పైకి వెళ్లింది విజేత ఒక్కటే. గ్రిమ్స్‌బీకి 1952లో ఎదురైన గోడే ఇది.

ఆ గోడను క్లబ్ ఒక్కటే పగలగొట్టలేదు. అది సమాఖ్య చేతిలోని పని. మ్యాచ్ రోజున మైకు తీసుకుని, టికెట్ కొన్న నాలుగు వందల మందికైనా జట్టు ఎందుకు ఓడిందో చెప్పడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.