గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (ఆగష్టు 29, 1863 - జనవరి 22, 1940) తెలుగు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు, భాషా శాస్త్రవేత్త, ఉపాధ్యాయుడు. గిడుగు రామమూర్తి పంతులుగా ప్రసిద్ధుడు. గ్రాంథిక భాషకు బదులు శిష్టజన వ్యావహారికం బడిలోను, పుస్తకాలలోను ప్రవేశించడానికి జీవితాంతం కృషి చేసాడు. దానికంటే ముందే, గంజాం మన్యంలోని సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపాడు. పిల్లవాడి చేతికి ఇచ్చే మొదటి పుస్తకం అతనికి తెలిసిన మాటతో మొదలు కావాలన్నదే ఈ రెండు కృషులకూ మూలమైన ఆలోచన. ఆయన జన్మదినమైన ఆగష్టు 29ను తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటారు.

బాల్యం, విద్యాభ్యాసం

రామమూర్తి శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో వీర్రాజు, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. ఈ గ్రామం అప్పటి గంజాం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. ఆయన 1875లో చోడవరానికి బదిలీ అయ్యి, అక్కడే విషజ్వరంతో మరణించాడు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. మేనమామ ఇంట్లో ఉండి విజయనగరంలోని మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివాడు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. బాల్యంలో మొదలైన ఈ స్నేహం తరువాతి కాలంలో తెలుగు భాషా చరిత్రనే మలుపు తిప్పింది. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసాడు.

శ్రీముఖలింగ దేవాలయాలలోని శాసనాలను చదవాలన్న కుతూహలంతో ప్రాచీన లిపులను ఎవరి సహాయమూ లేకుండా నేర్చుకున్నాడు. మాట కాలంతో పాటు మారుతుందని ఆయన గ్రహించడానికి ఈ శాసనాధ్యయనం పునాది వేసింది.

ఉపాధ్యాయ వృత్తి

1880లో పర్లాకిమిడిలోని రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంతో ఉపాధ్యాయుడుగా చేరాడు. చిన్న తరగతులకు చరిత్ర బోధిస్తూనే ప్రైవేటుగా పై చదువులు చదివి పట్టభద్రుడయ్యాడు. తరువాత ఆ పాఠశాల కళాశాల కాగా, కళాశాల తరగతులకు కూడా పాఠాలు చెప్పాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం పూర్తి చేసుకొని 1911లో పదవీ విరమణ చేసాడు.

పిల్లల ఎదుట నిలబడి పాఠం చెప్పిన అనుభవమే ఆయనను భాషావాదిగా మార్చింది. పుస్తకంలోని వాక్యాన్ని ముందుగా పిల్లలు మాట్లాడే తెలుగులోకి మార్చి చెబితే గాని వారికి అర్థమయ్యేది కాదు. పరీక్షలో వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ తెలిసిన మాటలే తప్పులుగా లెక్కించబడేవి.

సవర భాషాధ్యయనం

పర్లాకిమిడి చుట్టుప్రక్కల కొండలలో సవరలు నివసిస్తారు. వారు సంతకూ, కచేరీకీ వచ్చినప్పుడు వారి మాటలు రామమూర్తి చెవిన పడేవి. వారి భాష నేర్చుకొని వారికి చదువు చెప్పాలన్న సంకల్పం ఆయనకు కలిగింది. తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నాడు.

సవర భాష తెలుగు వలె ద్రావిడ భాష కాదు. అది ముండా భాషా కుటుంబానికి చెందినది. తెలుగు అక్షరాలకు అందని ధ్వనులు అందులో ఉన్నాయి. నామవాచకం క్రియలో కలిసిపోయి, ఒక వాక్యం చెప్పవలసినంత అర్థాన్ని ఒక్క మాటే చెప్పగల నిర్మాణం దానిది. అప్పటికి ఆ భాషకు తగిన వ్యాకరణం గాని, నిఘంటువు గాని లేవు. రామమూర్తి భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని చదివి, ధ్వనులను గుర్తించి వ్రాసే పద్ధతిని స్వయంగా అభ్యసించాడు.

మన్యంలో తిరుగుతున్న కాలంలో ఆయనకు మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైను ప్రభావంతో చెముడు వచ్చి, జీవితాంతం మిగిలిపోయింది. ధ్వనులను విని నమోదు చేయడమే పనిగా పెట్టుకున్న వ్యక్తికి ఇది పెద్ద దెబ్బ. అయినా ఆయన ఆ పని విడువలేదు.

సవర బడులు, వాచకాలు

ఆయన సవర భాషలో పిల్లలకు వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు తయారు చేసాడు. తెలుగు - సవర, సవర - తెలుగు నిఘంటువులు కూర్చాడు. తన డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలు చెల్లించాడు. అక్షరం రాని భాషగా చూడబడుతున్న సవర, ఆ విధంగా బడిలో చదివే భాష అయ్యింది.

ఈ వాచకాల ఉద్దేశం సవర పిల్లలను తెలుగుకు దూరం చేయడం కాదు. ముందు తన భాషలో చదవడం నేర్చిన పిల్లవాడు ఆ నేర్పుతోనే మరొక భాషకు సులభంగా వెళ్ళగలడు. చదవడం అనే కొత్త విద్యనూ, తెలియని కొత్త భాషనూ ఒకేసారి నెత్తిన పెడితే రెండూ అబ్బవు. ఆధునిక విద్యావేత్తలు మాతృభాషా ప్రాథమిక విద్యకు చెప్పే ప్రధాన కారణం ఇదే.

ఈ కృషికి గుర్తింపుగా 1913లో ప్రభుత్వం ఆయనకు బిరుదు ఇచ్చింది. ఆయన ఆంగ్లంలో రచించిన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో, సవర - ఇంగ్లీషు కోశాన్ని 1938లో ప్రచురించింది.

తెలుగు పాఠ్యపుస్తకాల వివాదం

1907 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చాడు. చిన్న తరగతులలో తెలుగు చెప్పే తీరు ఆయనకు నచ్చలేదు. ప్రజలు మాట్లాడే భాషకూ, పుస్తకాల భాషకూ అంత దూరం ఎందుకుండాలని ఆయన ప్రశ్నించాడు. విశాఖపట్నంలోని కళాశాల ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నను గురజాడ, గిడుగుల వద్దకు తీసుకువెళ్ళవచ్చునని సూచించాడు. ఈ నలుగురి ఆలోచనల నుండి వ్యావహారిక భాషోద్యమం రూపుదిద్దుకున్నది.

స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని ఆధునిక భాషలో కూడా వ్రాయవచ్చునని ప్రభుత్వం అనుమతించడంతో వివాదం తీవ్రమైంది. జయంతి రామయ్య పంతులు మొదలైనవారు దీనిని వ్యతిరేకించారు. వాడుక భాష ప్రాంతానికొక రీతిగా ఉంటుందని, గ్రాంథికం అందరికీ ఉమ్మడి భాష అని, దానిని విడిచిపెడితే పిల్లలు పూర్వ సాహిత్యానికి దూరమవుతారని వారి వాదన. వారి ఒత్తిడి వల్ల ఆ అనుమతి రద్దయ్యింది. 1915లో గురజాడ మరణించాడు. ఆ తరువాత ఉద్యమ భారం ఎక్కువగా గిడుగు పైననే పడింది.

ఆయన ఊరూరా తిరిగి ఉపన్యసించాడు. పూర్వపు వచన గ్రంథాలు, వ్యాఖ్యానాల నుండి ఉదాహరణలు సేకరించి, వాడుక రూపాలు తెలుగు రచనలో కొత్తవి కావని నిరూపించాడు. గ్రాంథికవాదుల రచనలలోనే వారు చెప్పే నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను ఎత్తి చూపాడు. 1919లో తెలుగు అనే పత్రికను నడిపాడు. అదే సంవత్సరం రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం, గద్య చింతామణి, బాలకవి శరణ్యం ఆయన ముఖ్య రచనలు.

చివరి దశ

1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను అందులో కలపడాన్ని వ్యతిరేకించిన రామమూర్తి, యాభై ఏళ్ళకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమండ్రి చేరుకున్నాడు. ప్రభుత్వం 1934లో కైజర్-ఎ-హింద్ పతకాన్ని, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ గౌరవాన్ని ఇచ్చాయి. 1940 జనవరి 22న మరణించాడు. మరణానికి వారం ముందు కూడా పత్రికా సంపాదకులను కలిసి వ్యావహారికాన్ని స్వీకరించమని విజ్ఞప్తి చేసాడు. ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి తండ్రి కృషిని కొనసాగించాడు.

బొమ్మల పుస్తకాలు, మాతృభాష

పిల్లలకు బొమ్మలతో పాఠం చెప్పే పద్ధతికి ఐరోపాలో దీర్ఘ చరిత్ర ఉన్నది. చెక్ విద్యావేత్త కొమీనియస్ 1658లో నురెంబర్గులో ప్రచురించిన ఆర్బిస్ పిక్టస్ పిల్లల కోసం వచ్చిన తొలి బొమ్మల పాఠ్యపుస్తకాలలో ప్రసిద్ధమైనది. అందులో ప్రతి బొమ్మకూ లాటిన్ మాటల ప్రక్కనే పిల్లల మాతృభాషలోని మాటలు ఉంటాయి. బొమ్మ ఒక్కటే చదువు నేర్పదు. బొమ్మను చూసి పిల్లవాడి నోట వచ్చే మాటా, దాని క్రింద అచ్చయిన మాటా ఒకటైనప్పుడే అక్షరాలకు అర్థం ఉన్నదని అతనికి తెలుస్తుంది. తెలుగు పిల్లలు అ అక్షరం ప్రక్కన అమ్మ బొమ్మ చూసి చదవగలగడానికి కారణం అదే.

రామమూర్తి సవర వాచకాలతో చేసినది ఈ సూత్రానికి అవసరమైన సగం పని. చదివే మాటను పిల్లవాడి మాటగా మార్చడం ఆ సగం. ఆయన మరణించిన కొద్ది సంవత్సరాలకు బాల (1945), చందమామ (1947) వంటి పిల్లల పత్రికలు బొమ్మలతో వెలువడ్డాయి. చందమామ కథలు సరళమైన వాడుక భాషలో సాగి తెలుగు పిల్లలను చదువరులుగా చేసాయి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు

రామమూర్తి జీవించిన కాలంలో ఈ ప్రాంతాలు నిజాం పాలనలో ఉండేవి. అక్కడ పాఠశాలలలో ఉర్దూ ప్రధాన బోధనా భాష కావడం వల్ల తెలుగు పిల్లలు సైతం తమది కాని భాషలో చదువు మొదలు పెట్టవలసి వచ్చింది. జాను తెనుగును ఆదరించిన పాల్కురికి సోమనాథుని పాలకుర్తి నేటి జనగామ జిల్లాలోనే ఉన్నది. జనం పలికే మాటకు గౌరవం ఇవ్వడం ఈ నేలకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో 1943లో హైమెండార్ఫ్ ఆదిలాబాదు ప్రాంతంలోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించి, గోండీ వాచకాలు తయారు చేయించాడు. సవరల కోసం రామమూర్తి చేసిన పనిని ఇది గుర్తుకు తెస్తుంది.

పూర్వపు వరంగల్ జిల్లా నుండి 2016లో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం మండలాలలోను, భూపాలపల్లి అటవీ ప్రాంతంలోను కోయలు నివసిస్తారు. మూడు జిల్లాలలోను లంబాడీ తండాలున్నాయి. తండాలో పెరిగిన పిల్లవాడికి ఇంటి మాట బంజారా. బడి మాట తెలుగు. తరగతిలో నీటి బొమ్మ చూపినప్పుడు అతడు పాణి అంటాడు. కోయ మాట్లాడే పిల్లవాడు ఏరు అంటాడు. కోయలో ఏరు అంటే నీరు, తెలుగులో వాగు. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయుడు సరియైన జవాబును తప్పుగా భావించే అవకాశం ఉన్నది. తెలిసిన ఉపాధ్యాయుడు ఆ రెండు మాటలనూ బొమ్మ ప్రక్కన వ్రాసి, నీరు అనే మూడో మాటను వాటితో కలిపి నేర్పగలడు. బొమ్మల పుస్తకం అప్పుడు రెండు భాషల మధ్య వంతెన అవుతుంది.

భారత రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు సూచిస్తుంది. 2004లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లల కోసం బహుభాషా విద్యా కార్యక్రమాన్ని ప్రారంభించి, సవర, కోయ, గోండీ, కొలామీ, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, బంజారా భాషలను అందులో చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధన జరగాలని చెబుతున్నది. సవర పిల్లల కోసం ఒక ఉపాధ్యాయుడు తన జీతం డబ్బుతో మొదలు పెట్టిన పని, శతాబ్దం తరువాత ప్రభుత్వ కార్యక్రమమయ్యింది.

ప్రభావం

ఆయన మరణానంతరం కొన్ని దశాబ్దాలలో పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పరిశోధన గ్రంథాలు క్రమంగా వ్యావహారికంలోకి మారాయి. తెలుగు పిల్లల విషయంలో ఆయన ఆశయం చాలా వరకు నెరవేరింది. ఇంటి మాట తెలుగు కాని పిల్లల విషయంలో అది ఇంకా పూర్తి కాలేదు. గిడుగును తెలుగు భాషోద్యమకారుడుగా స్మరించడం పరిపాటి. అయితే ఆయన బడి పెట్టి వాచకం వ్రాసినది ముందుగా తన భాష కాని భాష కోసం. తెలుగు భాషా దినోత్సవం నాడు గుర్తు చేసుకోవలసిన విషయాలలో ఇది ముఖ్యమైనది.