మారియా మాంటిసోరి: అంకెకు రూపమిచ్చిన తల్లి

ప్రభుత్వోద్యోగి బిడ్డకు బదిలీ అను మాట బాల్యముననే పరిచయమగును. మారియా మాంటిసోరికిని అట్లే జరిగెను. 1870వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన ఇటలీ దేశమందలి కియారవల్లె అను చిన్న పట్టణమున ఆమె జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ఆర్థికశాఖలో ఉద్యోగి. తల్లి రెనిల్డె చదువన్న ప్రాణమిచ్చు ఇల్లాలు. తండ్రి ఉద్యోగము వెంట ఆ కుటుంబము 1873లో ఫ్లోరెన్సు నగరమునకును, 1875లో రోమునకును తరలిపోయెను. ఊళ్లు మాఱినను బాలికకు పుస్తకముపై మక్కువ మాఱలేదు. అందును గణితమనిన మిక్కిలి ప్రీతి.

ఆ కాలమున ఆడపిల్ల చదువు ఉపాధ్యాయవృత్తితో ముగియుట ఆచారము. తండ్రియు అదియే కోరెను. మారియా మాత్రము 1883లో సాంకేతిక పాఠశాలలో చేరి, ఇంజనీరు కావలెనని తలపోసెను. పిదప మనసు వైద్యవిద్యపై నిలిచెను. రోము విశ్వవిద్యాలయమున పురుష విద్యార్థుల సరసన స్త్రీ శవచ్ఛేదనము చేయుట మర్యాద కాదని అధికారులు తలచిరి. అందుచే తక్కినవారు వెడలిన పిదప, ఆమె ఒంటరిగా ఆ గదిలో పనిచేయవలసివచ్చెను. ఇన్ని ఇక్కట్లకోర్చి 1896లో ఆమె వైద్యపట్టము పొందెను.

వైద్యురాలిగా ఆమె పిచ్చాసుపత్రులను దర్శించునపుడు, బుద్ధిమాంద్యము గల బాలురు పెద్దలైన రోగుల నడుమ ఆటవస్తువొకటియైన లేక పడియుండుట చూచి చలించెను. ఫ్రాన్సు దేశపు వైద్యులగు ఇటార్, సెగ్యూఁ రచనలను శ్రద్ధగా చదివి, ఆ పిల్లలకు కావలసినది ఔషధముకన్న శిక్షణమని నిశ్చయించుకొనెను. 1900లో అట్టి బాలుర కొఱకు నెలకొల్పిన సంస్థకు నాయకత్వము వహించి, చేతితో తాకి, కూర్చి, విడదీసి నేర్చుకొను సాధనములను వారికిచ్చెను. వారిలో కొందఱు సామాన్య బాలురతోపాటు పరీక్షలకు కూర్చుండి కృతార్థులైరి. లోకులు ఆమెను పొగడిరి. ఆమెకు మాత్రము వేఱొక శంక కలిగెను. మందబుద్ధులనబడిన పిల్లలు ఇంత నేర్వగలిగినపుడు, ఆరోగ్యవంతులైన పిల్లలు వారితో సమానముగా మాత్రమే నిలిచిపోవుటకు హేతువేమి? లోపము పిల్లలయందా, పాఠశాలయందా?

ఈ ప్రశ్నకు సమాధానము రోము నగరపు పేదవాడయగు సాన్ లొరెంజోలో దొరకెను. అచ్చటి ఇండ్ల సముదాయమును బాగుచేసిన సంఘమువారు, తల్లిదండ్రులు కూలికి పోయిన వేళ పిల్లలు గోడలు పాడుచేయకుండ చూచువారి కొఱకు వెదకుచుండిరి. 1907 జనవరి 6వ తేదీన అచ్చట ‘బాలల గృహము’ ప్రారంభమయ్యెను. సుమారు ఏబదిమంది పసివారు చేరిరి. వారి కొలతకు తగిన చిన్న బల్లలు, కుర్చీలు చేయించి, సాధనములను వారి చేతికందునట్లు అమర్చి, ఆమె దూరమున నిలిచి పరికించెను. పసివాడు తానెన్నుకొన్న పనిలో లీనమై, దానినే పదేపదే చేయుట చూచి ఆశ్చర్యపడెను. ఆమె పద్ధతికంతకు ఆ పరిశీలనమే మూలము.

బాలబోధనలో గణితమునకు ఆమె చేసిన మేలు ప్రత్యేకముగా చెప్పదగినది. పసివానికి ఒకటి, రెండు, మూడు అని వరుసగా చెప్పుట వచ్చినంత మాత్రమున సంఖ్య తెలిసినట్లు కాదు. మూడు చూపుమనిన మూడవ వ్రేలినొక్కటినే చూపు పిల్లలు కలరు. వారి దృష్టిలో మూడనగా ఆ వ్రేలి పేరు. ఈ చిక్కును గ్రహించి ఆమె పది కొయ్యకడ్డీలు చేయించెను. మొదటిది పది సెంటీమీటర్లు, పదవది ఒక మీటరు. ప్రతి పది సెంటీమీటర్లకు ఎఱుపు, నీలము రంగులు మార్చి వేయించెను. ఇచ్చట మూడనగా మూడు భాగములు గల ఒకే కడ్డీ. దానిని ఎత్తుకొని నడచు బాలునికి సంఖ్య యనునది పేరు కాదు, పరిమాణమని చేతికి తెలియును.

పిదప గరుకు కాగితముతో చేసిన అంకెలపై వ్రేలితో దిద్దుట. ఇసుకపై అక్షరములు దిద్దిన మన వీధిబడి పిల్లలకిది క్రొత్త కాదు. ఆపైన కదుళ్ల పెట్టె. అందు సున్న మొదలు తొమ్మిది వఱకు పది గదులు, నలుబదియైదు కదుళ్లు ఉండును. ఒక్కొక్క గదిలో దాని అంకెకు తగినన్ని కదుళ్లు వేయవలెను. అన్నియు వేసిన పిమ్మట చేతిలో ఏమియు మిగులదు. సున్న గది ఖాళీగా నిలుచును. శూన్యమునకును సంఖ్యలలో స్థానము కలదని, ఉపన్యాసము లేకుండ ఆ ఖాళీ గదియే బోధించును.

అన్నిటికన్న ప్రసిద్ధమైనవి బంగారురంగు పూసలు. విడిపూస ఒకటి. పది పూసలు గ్రుచ్చిన తీగ పది. పది తీగలు ప్రక్కప్రక్కన కట్టిన చదరము నూఱు. పది చదరములు పేర్చిన ఘనము వేయి. నాలుగైదేండ్ల బాలుడు వేయిని రెండు చేతులతో మోసికొనివచ్చి, ఒకటిని వ్రేళ్ల సందున పట్టుకొనును. స్థానవిలువను ఇంతకన్న తేటగా చెప్పు వ్యాఖ్యాత యుండడు. కూడికలో విడిపూసలు పదియైనచో, వాటినిచ్చి ఒక తీగను పుచ్చుకొనవలెను. అంగడిలో చిల్లరనిచ్చి నోటు తీసికొనుట వంటిదే యీ పని. పలకపై ‘పదికి ఒకటి మిగులు’ అని అర్థము తెలియక వల్లించు పిల్లవానికి ఆ ఒకటి ఎచ్చటినుండి వచ్చెనో తెలియదు. పూసలు మార్చినవానికి తెలియును.

ఇందుచే మన ఎక్కములను తక్కువ చేయుట తగదు. కంఠస్థమైన ఎక్కము జీవితాంతము తోడుండును. మాంటిసోరియు పిల్లలచే పూసల తీగలు పేర్పించి ఎక్కములను తయారుచేయించి, పిదపనే జ్ఞాపకమున నిలుపజేసెను. భేదము క్రమమునందు కలదు: ముందు చేయి, పిదప కన్ను, ఆపైన నోరు.

లోకమందలి పిల్లలకు తల్లి వంటిదైన యీ విదుషి, తన బిడ్డకు మాత్రము చిరకాలము తల్లిగా ఉండలేకపోయెను. 1898లో ఆమెకు మారియో అను కుమారుడు కలిగెను. ఆమె అవివాహిత. నాటి సంఘము సహింపదు గనుక శిశువును పల్లెటూరి కుటుంబమున పెంచవలసివచ్చెను. తన తల్లి మరణించిన పిమ్మట, 1913 ప్రాంతమున కుమారుని చేరదీసెను. నాటినుండి అతడామెకు కుడిభుజమయ్యెను. అయినను లోకమునకు చాలకాలము బంధువుగానే పరిచయము చేయబడెను.

1909లో ఆమె పద్ధతిని వివరించు గ్రంథము వెలువడి పలు భాషలలోనికి పోయెను. కీర్తితోపాటు విరోధమును వచ్చెను. ఇటలీలోని నియంతృత్వముతో పొసగక 1934లో ఆమె స్వదేశమును వీడెను. గణితబోధనను గూర్చి ఆమె వ్రాసిన రెండు గ్రంథములు, ఒకటి అంకగణితమునకు, మఱియొకటి క్షేత్రగణితమునకు సంబంధించినవి, ఆ యేడే స్పెయిను దేశపు బార్సిలోనాలో అచ్చయ్యెను. 1936లో అచ్చటను అంతర్యుద్ధము చెలరేగగా, మరల ప్రయాణము.

1939 నవంబరులో, అఱువది తొమ్మిదేండ్ల వయసున, దివ్యజ్ఞాన సమాజాధ్యక్షుడు జార్జి అరుండేలు, ఆయన సతి రుక్మిణీదేవి ఆహ్వానముపై ఆమె కుమారునితో మద్రాసు చేరెను. ఆంధ్ర జిల్లాలు నాడు మద్రాసు రాష్ట్రములోనివే. అడయారులో తాటాకు పాకల క్రింద సుమారు మూడువందల మంది ఉపాధ్యాయులు శిక్షణ పొందిరి. ఆమె ఇటాలియను భాషలో చెప్పగా మారియో ఇంగ్లీషున వినిపించెను. 1940 జూన్ నెలలో ఇటలీ యుద్ధమున దిగగా తల్లీకొడుకులు శత్రుదేశస్థులైరి. మారియోను అహమ్మదునగరు నిర్బంధ శిబిరమునకు పంపిరి. ఆమెను అడయారు తోట దాటరాదనిరి. ఆ యేడు ఆగష్టు 31న, ఆమె డెబ్బదవ జన్మదినమున, ప్రభుత్వము మారియోను విడిచి తల్లి చెంతకు చేర్చెను. ఆమెకు అంతకు మించిన కానుక లేదు.

తరువాత 1942 మొదలు 1944 వఱకు ఆమె కొడైకెనాలులో నివసించి, ఆఱేండ్లు దాటిన బాలుర విద్యను గూర్చి కృషిచేసెను. 1946లో ఐరోపాకు మరలి, తిరిగి 1947లో వచ్చి 1949 వఱకు మన దేశమున పనిచేసెను. భారతదేశమున ఆమె వద్ద శిక్షణ పొందినవారు వేయిమందికి మించిరి. 1952 మే 6వ తేదీన హాలెండు దేశమందలి నూర్ద్‌వైక్ అను సముద్రతీర గ్రామమున ఆమె కన్నుమూసెను.

తెలుగునాట ఆమె పేరు నిలిచెను. 1955లో విజయవాడలో కోటేశ్వరమ్మగారు ఆ పేరిటనే పాఠశాల స్థాపించిరి. ఆ పేరుకు చట్టరీత్యా కాపుదల లేదు గనుక, ఎవరైనను తమ బడికి పెట్టుకొనవచ్చును. మాంటిసోరి అను పలక ద్వారముపై వ్రేలాడుచుండ, లోపల నాలుగేండ్ల పసివారు వరుసగా కూర్చుండి నూఱు వఱకు అంకెలు నకలు వ్రాయుటయు కలదు. కూలివాండ్ర బిడ్డల కొఱకు పుట్టిన పద్ధతి కలవారి బడులకు అలంకారమగుట మఱింత విచారకరము.

మాయాబందరు వంటి చోట ఆమె జీవితమునకు వేఱొక అర్థము కలదు. ఇచ్చట తెలుగు, వంగ, తమిళ కుటుంబముల బిడ్డలు, 1925లో బర్మానుండి వచ్చిన కరెనుల సంతతివారు ఒకే ఊరివారు. తెలుగు ఇంట ఇరువదియైదు అని నేర్చిన బిడ్డకు పది స్థానము ముందు, ఒకట్లు వెనుక. హిందీలో పచ్చీస్ అనగా ఐదు ముందు వచ్చును. తొంబదితొమ్మిది వఱకు దాదాపు ప్రతి సంఖ్యకును విడిగా పేరు నేర్వవలెను. ఈ తడబాటు మందబుద్ధి కాదు, భాషాభేదము. రెండు పదుల తీగలు, ఐదు విడిపూసలు చేతికిచ్చినచో ఏ ఇంటి బిడ్డయైనను తడబడడు. పూసకు మాతృభాష లేదు.

ఇందుకు విదేశపు సామగ్రి అక్కఱలేదు. వామనగుంటలాడు చింతపిక్కలు, పదేసిగా కట్టిన ఈనెపుల్లలు, అండమాను పడౌకు కర్రతో వడ్రంగి చేసిన పది కడ్డీలు చాలును. కేంద్రప్రభుత్వము 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమము మూడవ తరగతి ముగియులోగా ప్రతి బిడ్డకు చదువు, లెక్క పునాదులు పడవలెనని సంకల్పించినది. ఆ పునాది ఎచ్చట వేయవలెనో మాంటిసోరి శతాబ్దము క్రిందటనే చూపెను: పసివాని అఱచేతిలో. లెక్కయన్న భయము అచ్చట మొలకెత్తకుండ చూచుట తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఆమె అప్పగించిపోయిన బాధ్యత.