పిల్లి కళ్ళ ముసలావిడ

క్రిస్మస్ వచ్చిందంటే ఇంగ్లీషు పుస్తకాల షాపుల్లో ఒక రకం డిటెక్టివ్ నవలలు కనిపిస్తాయి. అట్ట మీద మంచు కురుస్తున్న చిన్న ఊరు, దీపం వెలుగుతున్న కిటికీ, అందులో ముడుచుకు పడుకున్న పిల్లి. లోపల ఒక హత్య. హంతకుణ్ణి పట్టుకునేది పోలీసు కాదు, ఏ కేకుల కొట్టో నడుపుకునే మామూలు ఆడమనిషి. నెత్తురు తక్కువ, టీలూ కబుర్లూ ఎక్కువ. ఇవి చదివినప్పుడల్లా వీటికి అమ్మమ్మ వరసయ్యే అగాథా క్రిస్టీ నాకు గుర్తొస్తుంది. తమాషా ఏమిటంటే, తన పెంపుడు కుక్క పీటర్‌కి 1937లో ఏకంగా ఒక నవలే అంకితమిచ్చిందావిడ. మరి పిల్లి ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? అక్కడికే వస్తున్నాను.

1890 సెప్టెంబరు 15న ఇంగ్లండులో సముద్రం ఒడ్డునున్న టార్కీలో పుట్టింది అగాథా. చిన్నప్పటి చదువంతా ఇంటి దగ్గరే. పదకొండో ఏట తండ్రి పోయాడు. ఆ తర్వాత క్రిస్మస్ పండగలకి తల్లీ కూతుళ్ళు అక్క అత్తవారి భవంతి అబ్నీ హాల్‌కి వెళ్ళేవారు. ఆ విందులూ సందడీ ఆవిడ మర్చిపోలేదు. 1960లో వేసిన క్రిస్మస్ పుడ్డింగు కథల పుస్తకాన్ని ఆ ఇంటి జ్ఞాపకానికే అంకితమిచ్చింది.

పెళ్ళీ పండగనాడే. 1914 డిసెంబరు 24న, యుద్ధం మధ్యలో, ఆర్చీ క్రిస్టీని చేసుకుంది. అతను యుద్ధానికి వెళితే ఆవిడ ఆస్పత్రిలో మందులు కలిపే పనిలో చేరింది. ఏ విషం ఎంత మోతాదులో ఏం చేస్తుందో అక్కడే నేర్చుకుంది. ఆ రోజుల్లో రాసిన మొదటి నవలని కొందరు పబ్లిషర్లు తిప్పి పంపేశారు. చివరికి 1920లో అచ్చయింది.

1926 ఆవిడకి కానికాలం. తల్లి పోయింది. ఆ దుఃఖం తీరకముందే భర్త ఇంకొకామెని ప్రేమించానన్నాడు. డిసెంబరు 3 రాత్రి ఏడేళ్ళ కూతుర్ని ఇంట్లో వదిలి కారులో బయల్దేరింది అగాథా. మర్నాడు కారు దొరికింది గాని మనిషి లేదు. దేశమంతా వెతికింది. భర్తే చంపేశాడన్నారు కొందరు, పుస్తకాలు అమ్ముకోవడానికి నాటకమన్నారు ఇంకొందరు. పదకొండు రోజుల తర్వాత హారోగేట్‌లో ఒక హోటల్లో కనిపించింది. హోటల్ పుస్తకంలో రాసుకున్న ఇంటిపేరు భర్త ప్రేమించిన ఆమెది! మతిమరుపు వచ్చిందన్నారు ఇంట్లోవాళ్ళు. తర్వాత రాసుకున్న ఆత్మకథలో ఆవిడ ఆ పదకొండు రోజుల ఊసే ఎత్తలేదు.

ఏడుస్తూ కూర్చుంటే ఇల్లు గడవదుగా. మనసు లేకపోయినా డబ్బు కోసం ఒక నవల పూర్తి చేసింది. ఆ పుస్తకం ఆవిడకి ఎప్పుడూ నచ్చలేదు. కాని రచన తన వృత్తి అయింది అప్పుడేనని తర్వాత ఒప్పుకుంది.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1927 డిసెంబరులో, ఒక పత్రికలో మిస్ మార్పుల్ పుట్టింది. పెళ్ళి కాని ముసలావిడ. సెయింట్ మేరీ మీడ్ అనే చిన్న ఊళ్ళో ఊలు అల్లుకుంటూ కూర్చుంటుంది. పదిమందీ పెద్ద పెద్ద నేరాల గురించి మాట్లాడుతుంటే, బజారులో కొన్న రొయ్యలు ఇంటికొచ్చేసరికి మాయమైన పక్కింటావిడ సంగతి ఎత్తుతుంది. అందరూ నవ్వుకుంటారు. చిక్కుముడి విప్పేది మాత్రం ఆవిడే.

ఇంగ్లీషువాళ్ళు ఇలా ఇరుగుపొరుగు కబుర్లు చెప్పుకునే ముసలమ్మల్ని పిల్లులని ఎగతాళి చేస్తారు. 1930లో వచ్చిన మొదటి మార్పుల్ నవలలో పాస్టరుగారి భార్య ఈవిణ్ణి ఊళ్ళోకెల్లా గడుసు పిల్లి అనే అంటుంది. ఇదీ నేను చెబుతానన్న పిల్లి! అంతకు రెండేళ్ళ ముందు క్రిస్టీ నవల ఒకటి నాటకమైనప్పుడు, అందులో అన్నీ ఆరా తీసే పెద్ద వయసు అక్కగారి పాత్ర తీసేసి అందమైన పడుచుపిల్లని పెట్టారు. ఆవిడ మనసు చివుక్కుమంది. వయసు మళ్ళిన ఆడదాని తెలివి ఎవరికీ అక్కర్లేదా అనిపించి ఉంటుంది. అందుకేనేమో ఆ గడుసు పిల్లికే కథంతా అప్పజెప్పింది.

అదే ఏడాది మాక్స్ మాలోవన్ అనే పురాతత్వ శాస్త్రవేత్తని రెండో పెళ్ళి చేసుకుంది. ఏటా క్రిస్మస్‌కి ఒక క్రిస్టీ అని పబ్లిషర్లు ప్రచారం చేసేంత పేరొచ్చినా, ఫారాల్లో వృత్తి దగ్గర గృహిణి అన్నట్టే రాసేదట. రాసుకోవడానికి ప్రత్యేకం గదీ ఉండేది కాదు చాలాకాలం. ఊగని బల్ల దొరికితే చాలు. గిన్నెలు కడుగుతుంటే కథలు తట్టేవట. అన్నాల బల్ల తుడిచి కథ రాసుకునే నాకు ఈ మాట ఎంత ధైర్యమో!

1976 జనవరి 12న ఆవిడ కన్నుమూసింది. కబుర్లతో లోకం తనని ఎంత కాల్చుకు తిందో తెలిసిన మనిషి, ఆ కబుర్లలోంచే నిర్దోషుల్ని కాపాడే ముసలమ్మని చేసింది. అయితే ఎన్నో గుట్లు విప్పిన ఆ పిల్లి కళ్ళ ముసలావిడకి కూడా, తన పదకొండు రోజుల గుట్టు మాత్రం చెప్పకుండానే వెళ్ళిపోయింది.