గాలివానలో మహర్షి

1846 వ సంవత్సరము శ్రావణమాసమున, గంగ రెండు గట్లనొరసి పారుచుండగా, దేవేంద్రనాథ ఠాకూరుగారు కలకత్తానుండి పడవప్రయాణమునకు బయలుదేరిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదితొమ్మిది సంవత్సరములు. 1839 లో తత్త్వబోధినీ సభను నెలకొల్పి, 1843 లో బ్రాహ్మధర్మదీక్ష గైకొని, నిరాకారుడగు పరమేశ్వరుని ఉపాసనయే పరమార్థమని వారు నమ్మియుండిరి. భర్తను ఎడబాసి యుండనొల్లక భార్య శారదాదేవిగారును, ద్విజేంద్ర, సత్యేంద్ర, హేమేంద్రనాథులను ముగ్గురు చిన్నబిడ్డలును వెంటవచ్చిరి. వారు తెరచాపల నావలో నుండిరి. దేవేంద్రనాథులును మిత్రులు రాజనారాయణ వసుగారును వేరొక పడవలో నుండిరి.

నవద్వీపము దాటి పోవుచుండగా ఆకసమున కారుమబ్బులు క్రమ్మెను. ఉన్న పడవలోనే నిలుచుటయా, నావలోనికి మారుటయా యను ప్రశ్న కలిగెను. గాలివానలో పడవ నమ్మదగినది కాదని తలచి, దేవేంద్రనాథులు దానిని నావదరికి చేర్పించిరి. ఆలోచన సరియైనదే. కాని వారు నావనెక్కులోపలనే గాలి విరుచుకొనిపడెను. ఏ నావ శరణమని తలచిరో దాని స్తంభమే విరిగి, చాపలతో త్రాళ్లతో పడవపై గూలెను. త్రాళ్లు చిక్కువడి, నావ లాగుకొనిపోవుచుండ పడవ ఒకప్రక్కకు ఒరిగిపోయెను. త్రాళ్లు కోయుటకు కత్తియేదని కేకలు చెలరేగెను. తుదకు ఎట్లో ఆ బంధము వీడి పడవ గట్టు చేరెను.

ప్రాణములు దక్కెనని ఊపిరి పీల్చుకొనునంతలో చిన్నదోనెయొకటి వచ్చెను. అందులో ఇంటి సేవకుడు తెచ్చిన జాబుండెను. తండ్రి ద్వారకానాథ ఠాకూరుగారు ఆగస్టు 1 వ తేదీని లండనులో గతించిరని అందలి వార్త.

ఏటిలోని గాలివాన ఆగెను గాని, జీవితములోని గాలివాన అప్పుడే ఆరంభమయ్యెను. పితృశ్రాద్ధమును విగ్రహపూజలతో జరుపుటకు వారి మనస్సాక్షి యంగీకరింపలేదు. బంధువులు దూరమైరి. 1848 లో తండ్రి స్థాపించిన కార్ ఠాకూరు కంపెనీ కూలిపోయెను. అప్పులు సుమారు కోటి రూపాయలు. అయినను ద్వారకానాథులు ముందుచూపుతో 1840 లో కొన్ని జమీందారీలను ట్రస్టు దస్తావేజు మూలమున కుమారులకై భద్రపరచి యుండిరి. వానిని ఋణదాతలు తాకజాలరు.

న్యాయవాదవృత్తిలోనున్న మాకు ఈ ఘట్టము మిగుల సూక్ష్మముగా దోచును. మా యొద్దకు వచ్చువారిలో పెక్కుమంది కోరునది ఇట్టి దస్తావేజునే. అట్టి నావలో కదలక కూర్చుండుమనియే మేమును సలహా చెప్పెదము. అందు చట్టవిరుద్ధమేమియు లేదు. దేవేంద్రనాథులట్లు చేయలేదు. తండ్రి యప్పు తన యప్పేయని యెంచి, ట్రస్టు ఆస్తినిగూడ ఋణదాతల ముందుంచిరి. ఆ సత్యసంధతకు వారి మనస్సులు కరగెను. ఆస్తి నిర్వాహము మరల వారిచేతికే వచ్చెను. ఇంటి వైభవమును తగ్గించుకొని, యేండ్లతరబడి శ్రమించి, వారు అప్పులు తీర్చిరి. తండ్రి ధర్మకార్యమునకిత్తునని పలికియుండిన లక్ష రూపాయలను సయితము వడ్డీతో చెల్లించిరి.

1905 జనవరి 19 వ తేదీని మహర్షి పరమపదించిరి. గంగపై ఆనాడు పడవ విడుచుట వివేకము. చట్టము కట్టియిచ్చిన నావను పిమ్మట విడుచుట ధర్మము. మొదటిది ప్రాణభయము గల ఎవ్వరైనను చేయుదురు. రెండవదానిని చేయవలసిన దినము మనలో ననేకులకు వచ్చును. ఆ దినమున మనమేమి చేయుదుమో నేడే యోచించుకొనుట మేలు.